తెలుగు పుస్తకాలకు రెడీమేడ్ క్యాటలాగు రికార్డులు ఎక్కడ దొరుకుతాయి? మా బడి లైబ్రరీ కోసం సాయం కావాలి

తెలుగు టీచరు, పల్నాడు జిల్లా

నమస్కారం అండీ. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. లైబ్రేరియన్ పోస్టు లేదు, అందుకని లైబ్రరీ నాకు అప్పజెప్పారు. 2,400 పుస్తకాల దాకా ఉన్నాయి. పోయిన వేసవిలో మా పూర్వ విద్యార్థి ఒకబ్బాయి పాత కంప్యూటరులో కోహా అనే ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చాడు. ఇప్పుడు పుస్తకాల వివరాలు నేనే టైపు చేస్తున్నాను. ఒక్కోదానికి 12 నిమిషాలు పడుతోంది. ఆ లెక్కన మొత్తానికి 480 గంటలు! పాఠాలు చెప్పుకుంటూ ఈ పని ఎప్పటికి అవుతుందో అని నిజంగా టెన్షన్‌గా ఉంది.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం వెనక బార్‌కోడ్ దగ్గర ఉండే నంబరు) కొడితే వివరాలు వాటంతట అవే వస్తాయని విని ప్రయత్నించాను. ఇంగ్లీషు పుస్తకాలకు చాలావరకు వచ్చాయి. తెలుగువాటికి దాదాపు ఏమీ రాలేదు. వచ్చిన ఆ కొన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, పైన గీతలు, కింద చుక్కలతో ఉన్నాయి. ఏడో తరగతి పిల్ల వాటిని ఎలా వెతుక్కుంటుంది?

ఇంకో బాధ కూడా ఉంది. నేను తెలుగులో ఎక్కించిన పుస్తకాలే వెతికితే సరిగా దొరకడం లేదు. పక్క మండలం హైస్కూల్లో నా స్నేహితురాలు ఇదే పని చేస్తోంది. సమగ్ర శిక్ష గ్రాంటులో మా ఇద్దరికీ వచ్చిన పుస్తకాలు చాలావరకు ఒకటే. ఒకే పుస్తకాన్ని ఆమె ఒకసారి, నేను ఒకసారి టైపు చేయడం ఏమిటి? ఒకరు చేసింది ఇంకొకరు వాడుకునే దారి ఉందా?

కేంద్రీయ విద్యాలయ లైబ్రేరియన్, హైదరాబాద్

ఉంది మేడమ్. చాలా కేంద్రీయ విద్యాలయాల్లో ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వారి ఈ-గ్రంథాలయ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడతాం. ప్రభుత్వ లైబ్రరీలకు ఉచితం. కొత్త వెర్షన్‌లో కొన్ని లైబ్రరీలను ఒక క్లస్టర్‌గా కలిపి ఒకే డేటాబేస్ ఇస్తారు. ఒక బడి ఎక్కించిన రికార్డును మరో బడి చూసి, తన కాపీ మాత్రం దానికి కలుపుకోవచ్చు. కానీ మీరు ఇప్పటికే కోహాలో ఉన్నారు కాబట్టి మారమని చెప్పను. కోహాలో కూడా ఇది కుదురుతుంది. పెద్దవారు ఎవరైనా వివరంగా చెబితే బాగుంటుంది.

రిటైర్డ్ కాలేజీ లైబ్రేరియన్, రాజమహేంద్రవరం

అమ్మా, మీ ప్రశ్న చూసి సంతోషమేసింది. ఒకే పుస్తకాన్ని ఇద్దరు ఎందుకు టైపు చేయాలి అన్న ప్రశ్నలోంచే ఈ పద్ధతి పుట్టింది. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1901 నుంచే తాము తయారుచేసిన క్యాటలాగు కార్డులను అచ్చువేసి వేరే లైబ్రరీలకు అమ్మేది. 1960లలో ఆ కార్డును కంప్యూటరు చదివే రూపంలోకి మార్చారు. దాన్నే మార్క్ అంటాం. మీ కోహాలో కనిపించే 245 (పుస్తకం పేరు), 100 (రచయిత), 650 (విషయం) అనే అంకెలన్నీ అక్కడివే. ఒక్కో వివరం రాసే గడిని ఫీల్డు అంటాం, ఆ అంకె దాని నంబరు.

ముందు తెలుగు పుస్తకాలు వెతికితే దొరకని సంగతి చూద్దాం. అది సరిచేయకుండా ఎన్ని రికార్డులు ఎక్కించినా లాభం లేదు. కోహాలో వెతికే పని జెబ్రా అనే భాగం చేస్తుంది. మామూలుగా ఎక్కిస్తే అది ఇంగ్లీషు అక్షరాల లెక్కలోనే ఉంటుంది. దాన్ని అన్ని భాషల లిపులూ తెలిసిన ఐసీయూ పద్ధతికి మార్చి, ఇండెక్స్ (వెతకడానికి వాడే పట్టిక) మొత్తం మళ్ళీ కట్టించమని ఆ అబ్బాయికి చెప్పండి. ఈ రెండు మాటలు చెబితే అతనికి అర్థమవుతుంది.

ఇక గీతలు, చుక్కల సంగతి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు 1962 నుంచి ఢిల్లీలో ఆఫీసు ఉంది. మన దేశ భాషల పుస్తకాలు, తెలుగుతో సహా, అక్కడినుంచే కొంటారు. అందువల్ల చాలా తెలుగు పుస్తకాలకు వాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది. కానీ వాళ్ళ నియమం ప్రకారం పేరును రోమన్ లిపిలో రాస్తారు. దీర్ఘానికి పైన గీత, ట, డ, ణ, ళలకు కింద చుక్క పెడతారు. ఆ రికార్డును పారేయకండి. ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, డ్యూయీ నంబరు (విషయాన్ని బట్టి పుస్తకాలను సర్దే నంబరు) అన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. 245లో పుస్తకం పేరును, 100లో రచయిత పేరును తెలుగులో రాయండి. ఆ రోమన్ పేరును 246లోకి జరపండి. 246 అంటే ఇంకో రూపంలో ఉన్న పేరు. పిల్ల తెలుగులో కొట్టినా, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా పుస్తకం దొరుకుతుంది. పద్ధతి ప్రకారం రెండు లిపులనూ 880 ఫీల్డుతో ముడివేయాలి. బడి లైబ్రరీకి అంత అక్కర్లేదని నా అభిప్రాయం.

ఆ రికార్డులను వాళ్ళ సర్వర్ నుంచి కోహాలోకి దింపుకునేటప్పుడు, సర్వర్ సెట్టింగులో ఎన్‌కోడింగ్ (కంప్యూటరు అక్షరాలను దాచే పద్ధతి) ఒకసారి చూడండి. యూటీఎఫ్-8, మార్క్-8 అని రెండుంటాయి. తప్పుది ఉంటే ఆ గీతలూ చుక్కలూ చెత్త గుర్తులుగా మారిపోతాయి.

రచయితల పేర్లతో మాత్రం జాగ్రత్త. మన దగ్గర పని ఎక్కువగా చెడేది ఇక్కడే. ఒకరు "గురజాడ అప్పారావు" అంటారు, ఒకరు "అప్పారావు, గురజాడ" అంటారు, మూడోవారు "జి.వి. అప్పారావు" అని కొడతారు. కంప్యూటరుకు వీళ్ళు ముగ్గురు మనుషులు. మన పేర్లలో ఇంటిపేరు ముందే వస్తుంది కాబట్టి కామా పెట్టి తిరగేయాల్సిన పని లేదు. ఏదో ఒక రూపం ఎంచుకుని, కోహాలో అథారిటీ రికార్డు (ఆ రచయిత పేరుకు ఖాయం చేసిన రూపం ఉండే రికార్డు) చేసి, మిగతా రూపాలను అందులో 400 ఫీల్డులో పెట్టండి. కలం పేర్లకూ అంతే. శ్రీశ్రీ అని పెట్టి, 400లో శ్రీరంగం శ్రీనివాసరావు అని ఇవ్వండి. ఈ జాబితా మీ ఇద్దరు టీచర్లు కలిసి కూర్చుని ముందే రాసుకోవాలి. తర్వాత కలపాలంటే చాలా కష్టం. నేను ఒకచోట ఆరు నెలలు ఆ పనే చేశాను.

తెలుగు టీచరు, పల్నాడు జిల్లా

సార్, ధన్యవాదాలు. ఐసీయూ సంగతి ఆ అబ్బాయికి ఫోన్‌లో చెప్పాను, రాత్రికే చేసేశాడు. "నక్కా" అని కొడితే నక్క కథలన్నీ వచ్చాయి. మా పిల్లలు చప్పట్లు కొట్టారు!

మరి అసలు ఎక్కడా రికార్డు లేని తెలుగు పుస్తకాలకు ఏం చేయాలి? చిన్న ప్రచురణకర్తలవి మా దగ్గర చాలా ఉన్నాయి. కొన్నింటికి ఐఎస్‌బీఎన్ కూడా లేదు. రెండు వేర్వేరు పుస్తకాల మీద ఒకే నంబరు అచ్చైనదీ కనబడింది.

బడి లైబ్రరీ ఉద్యోగి, మెల్‌బోర్న్

అక్కా, మాది గుంటూరు. ఇక్కడ ప్రైమరీ స్కూల్ లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఇక్కడి పద్ధతి చెబితే మీకు పనికొస్తుందేమో.

ఆస్ట్రేలియాలో బడుల కోసమే ఎస్‌సీఐఎస్ అని ఒక ఉమ్మడి క్యాటలాగు సేవ ఉంది. 1984లో మొదలైంది. ఇప్పుడు ఎడ్యుకేషన్ సర్వీసెస్ ఆస్ట్రేలియా నడుపుతోంది. బడి ఏటా చందా కడుతుంది. కొత్త పుస్తకాల పెట్టె వస్తే నేను బార్‌కోడ్‌లు వరసగా స్కాన్ చేస్తాను, రికార్డులన్నీ ఒకే ఫైలుగా దిగుతాయి. దాన్ని మా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే అయిపోయింది. విషయ శీర్షికలు కూడా బడి పిల్లలకు తగ్గట్టు పెట్టినవే. డ్యూయీ నంబరు పొట్టిగా కావాలా, పూర్తిగా కావాలా అన్నది మనమే ఎంచుకోవచ్చు. చిన్నపిల్లల బడి కాబట్టి మేం పొట్టిది పెట్టుకున్నాం.

రికార్డు లేని పుస్తకం వస్తే మేం అడుగుతాం, వాళ్ళు తయారుచేసి పెడతారు. ఆ తర్వాత అదే పుస్తకం కొన్న ప్రతి బడికీ అది అందుతుంది. తెలుగు పుస్తకాలకు మీ పని కూడా అలాంటిదే అక్కా. లేని రికార్డును ఒకరు శ్రద్ధగా ఒకసారి చేసి, మిగతావారికి ఇవ్వాలి.

రిటైర్డ్ కాలేజీ లైబ్రేరియన్, రాజమహేంద్రవరం

చక్కగా చెప్పావమ్మా. టీచరు గారూ, ఒకే నంబరు రెండు పుస్తకాలకు ఉంటే ఆ నంబరును నమ్మకండి. పేరు, పేజీలు, సంవత్సరం పుస్తకంతో సరిచూశాకే రికార్డు తీసుకోండి.

రికార్డు లేనివాటికి కోహాలో ఒక్కొక్కటే కొట్టకండి. ముందు ఎక్సెల్‌లో పట్టిక చేయండి: పేరు, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, రచయిత, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, పేజీలు, ఐఎస్‌బీఎన్, డ్యూయీ నంబరు, విషయం. మార్క్ఎడిట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఆ పట్టికను మార్క్ ఫైలుగా మారుస్తుంది. భాష కోడ్ దగ్గర తెలుగు కోడ్ ఇవ్వడం మరవకండి. అప్పుడే "తెలుగు పుస్తకాలు మాత్రమే" అని వడకట్టడం కుదురుతుంది.

ఎక్సెల్‌లో రెండు చోట్ల దెబ్బతింటారు. ఐఎస్‌బీఎన్ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చకపోతే 13 అంకెలు 9.78 అని కుదించుకుపోతాయి. సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనేదే ఎంచుకోవాలి. ప్రచురణకర్తలు పంపే జాబితాలు చాలావరకు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) ఉంటాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చకుండా అతికించకండి.

డ్యూయీలో తెలుగు సాహిత్యం 894.827. దానికి చివర 1 చేర్చితే కవిత్వం, 2 అయితే నాటకం, 3 అయితే కథలు, నవలలు. బడికి అంతవరకు చాలు. రచయిత కాలాన్ని బట్టి నంబరును ఇంకా విడగొట్టే జోలికి వెళ్ళకండి.

తెలుగు టీచరు, పల్నాడు జిల్లా

పట్టిక మొదలుపెట్టాం సార్. సగం ఆమె, సగం నేను. ఒక పుస్తకానికి ఇప్పుడు మూడు నిమిషాలే పడుతోంది. ఆమె ఫైలును నా కోహాలోకి ఎక్కించే ముందు చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

రిటైర్డ్ కాలేజీ లైబ్రేరియన్, రాజమహేంద్రవరం

ఉన్నాయి. ఇది తప్పకుండా చదవండి.

ఆమె తన కోహా నుంచి ఎగుమతి చేస్తే, కాపీల వివరాలు వద్దు అనే గడిలో టిక్ పెట్టాలి. కాపీల వివరాలు 952 ఫీల్డులో ఉంటాయి: ఆ బడి యాక్సెషన్ నంబరు (రిజిస్టరులో ఆ కాపీకి ఇచ్చిన వరుస నంబరు), బార్‌కోడ్, బీరువా. అవి మీ దగ్గరికి వస్తే, మీ దగ్గర లేని కాపీలు మీ లెక్కలో చేరతాయి. నేను సాయం చేసిన ఒక బడిలో ఇలాగే జరిగింది. స్టాక్ వెరిఫికేషన్‌లో 300 పుస్తకాలు లేవని తేలి, పాపం ఆ టీచరు వారం రోజులు నిద్రపోలేదు. పుస్తకం రికార్డు అందరిదీ. కాపీ లెక్క మాత్రం ఎవరి బడి రిజిస్టరు ప్రకారం వారిదే.

ఎక్కించే ముందు బ్యాకప్ తీయండి. కోహాలో ఫైలును ముందు స్టేజ్ చేసి (తాత్కాలికంగా పక్కన ఉంచి చూసుకుని), తర్వాతే క్యాటలాగులోకి తీసుకుంటారు. స్టేజ్ చేసినప్పుడు ఐఎస్‌బీఎన్ సరిపోలిక నియమం పెడితే, మీ దగ్గర ఉన్నవి మళ్ళీ చేరవు. ఐఎస్‌బీఎన్ లేనివి మాత్రం కంటితో చూసుకోవాల్సిందే. తేడా వస్తే కంగారు పడకండి, ఆ ఇంపోర్టును వెనక్కి తీసే బటన్ అక్కడే ఉంటుంది. మొదట 20 రికార్డులతో చేసి చూడండి.

తెలుగు టీచరు, పల్నాడు జిల్లా

20 రికార్డులతో చేశాం సార్. 18 సరిగ్గా వచ్చాయి. రెండింటికి రచయిత పేరు ఇద్దరం వేరుగా రాసుకున్నాం. జాబితాలో సరిచేశాం. మా డివిజన్‌లో ఇంకో నాలుగు బడుల టీచర్లు కూడా కలుస్తామన్నారు. ఈ ఆదివారం మా ఇంట్లోనే కూర్చుంటున్నాం, రచయితల పేర్ల జాబితాతోనే మొదలుపెడతాం. ఫైలు పూర్తయ్యాక ఇక్కడ చెబుతాను. కాపీల వివరాలు తీసేసి, కావలసిన బడులన్నిటికీ పంపుతాను.