మెక్‌ఫార్లండ్ పరుగు జట్టు కథలో 23 ఏళ్లు ఎటు పోయాయి?

బేకర్స్‌ఫీల్డ్ రవి: 2015లో వచ్చిన డిస్నీ సినిమా 'మెక్‌ఫార్లండ్, యుఎస్ఏ' నిన్న పిల్లలతో మళ్లీ చూశాను. ఆ ఊరు కాలిఫోర్నియాలోనే, మాకు ఉత్తరాన, 99వ హైవే మీదే. సినిమాలో కోచ్ జిమ్ వైట్ వేరేచోట ఉద్యోగం పోయి 1987లో అక్కడికొస్తారు. అదే ఏడాది క్రాస్ కంట్రీ (మైదానాలు, గుట్టల మీద దూరపు పరుగు పందెం) జట్టు పెట్టి రాష్ట్ర టైటిల్ గెలిపిస్తారు. నిజానికి ఆయన 1964 నుంచీ ఆ ఊళ్లోనే టీచరు. జట్టు పని 1980లోనే మొదలుపెట్టారు. అన్నేళ్ల పనిని ఒక్క సీజన్‌కి కుదించడం అన్యాయం అంటాను.

గోదారి గట్టు: సినిమా రెండు గంటలండీ. ఊరు నిజం, కోచ్ నిజం, గెలుపు నిజం. ఇంకేం కావాలి?

బేకర్స్‌ఫీల్డ్ రవి: 1987కి ముందు కాలిఫోర్నియాలో హైస్కూలు క్రాస్ కంట్రీకి రాష్ట్ర పోటీయే లేదండీ. మొదటిసారి పెట్టింది ఆ ఏడే, ఫ్రెస్నోలో. పెట్టేసరికి వీళ్లు సిద్ధంగా ఉన్నారు. ఈ ఆటలో ఏడుగురు పరుగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కూడతారు, తక్కువ వచ్చిన జట్టుది గెలుపు. ఒకడు మొదట వచ్చినా ఐదోవాడు ఎనభయ్యోవాడైతే జట్టు మునిగినట్టే. ఆ ఐదోవాణ్ణి తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది.

ఫ్రీమాంట్ అమ్మ: మా అమ్మాయి వాళ్ల జట్టులో ఆరోది. ఆరో పిల్ల అవతలి జట్టు ఐదో పిల్లని దాటితే వాళ్ల లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ మాట కోచ్ ఒక్కసారీ చెప్పలేదు. "నేను లెక్కలోకి రానుగా" అని ఏడ్చి మానేసింది. అంతా కోచ్ చేతిలోనే ఉంది, రవి గారూ.

గోదారి గట్టు: పరుగెత్తింది కోచ్ కాదమ్మా, ఆ ఊరి పొలం కూలీల పిల్లలు. తెల్లారకముందే పొలం పని, తర్వాత బడి, సాయంత్రం పరుగు. ఎండలో వంగి పనిచేసిన ఒళ్లు అది. ఆ కష్టమే వాళ్లని గెలిపించింది. మన పిల్లలకి కష్టం తెలీదు కాబట్టే నాలుగడుగులకి ఆయాసం.

పాలమూరు బిడ్డ: ఇదీ అసలు మాట.

మిరప కళ్లం: కాదు. మా అమ్మ గుంటూరు పక్క మిరప కోతలకి వెళ్లేది, సెలవుల్లో నేనూ వెళ్లేవాణ్ణి. రాత్రి అన్నం కలుపుకుంటుంటే వేళ్లు భగ్గుమనేవి. అమ్మ నా చేయి మజ్జిగ గిన్నెలో ముంచి పట్టుకునేది. అలాంటి రాత్రి గడిచిన మర్నాడు బడి పందెంలో మూడో రౌండుకే కూలబడ్డాను. కష్టంతోనే పరుగు వచ్చేట్టయితే మా వాడలో ఇంటికో ఛాంపియన్ ఉండాలి. ఒక్కడూ లేడు. ఆటల పీరియడ్ లెక్కల సారు తీసేసుకునేవారు.

గోదారి గట్టు: కూలీల మీద గౌరవంతోనే అన్నాను తమ్ముడూ. సొంత కథలు తెచ్చి కొట్లాటకి రాకు.

మిరప కళ్లం: నీ గౌరవం మా అమ్మ చేతి మంట తగ్గించదు అన్నా. మెక్‌ఫార్లండ్ పక్క ఊరే డెలానో. వైట్ గారు వచ్చిన మరుసటి ఏడు, 1965లో, అక్కడ ద్రాక్షతోటల్లో ఫిలిపినో కూలీలు పని ఆపేశారు. వ్యవసాయ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ సంఘం వాళ్లతో కలిసింది. ఐదేళ్లు నడిచింది సమ్మె. ఆ పని ఒంటికి మంచిదని కాదుగా వాళ్లు పొలం వదిలి రోడ్డెక్కింది!

పాలమూరు బిడ్డ: సమ్మె సంగతి నాకు తెలీదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

బేకర్స్‌ఫీల్డ్ రవి: మిరప కళ్లం గారూ, నేను తేదీల మీద పట్టుబట్టింది ఇందుకే. ఆ 23 ఏళ్లు తీసేస్తే పొలం, గెలుపు రెండే మిగులుతాయి. చూసేవాడికి పొలమే గెలిపించిందనిపిస్తుంది. ఆయన కాలంలో ఆ జట్టుకి 9 రాష్ట్ర టైటిళ్లు వచ్చాయి. పిల్లలు నాలుగేళ్లకి బడి దాటిపోతారు. ఏటా కొత్తవాళ్ల వెనకాల సైకిలు తొక్కుకుంటూ వెళ్లిన మనిషి ఒక్కరే.

గోదారి గట్టు: నేను ఒప్పుకోను. మా నాన్నగారు రోజూ మూడు కోసులు నడిచి చదువుకున్నారు. ఆ నడకే ఆయన్ని మనిషిని చేసింది.

మిరప కళ్లం: మీ నాన్నగారికి ఎవరైనా సైకిలు కొనిస్తే చదువు మానేసేవారా అన్నా?

ఫ్రీమాంట్ అమ్మ: రవి గారూ, ఆరోవాళ్ల లెక్క వివరంగా రాసి పెట్టండి. మా అమ్మాయికి చూపిస్తాను. మళ్లీ జట్టు ఎంపికలు ఆగస్టులో.