ఖలివర్ధనమా, ఖల్లివర్ధనమా?

పాతకాగితం: డెంటిజీరస్ సిస్ట్ మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. మొలవకుండా దవడలోనే ఉండిపోయిన పన్ను చుట్టూ కట్టే నీటితిత్తి అది. మొదట్లో పెడదామనుకున్న శ్లోకం సగమే గుర్తొస్తోంది: "...జాతే రుక్ చ ప్రశామ్యతి". పన్ను మొలిచాక నొప్పి తగ్గుతుందని. దానికి ముందు 'ఖలివర్ధన' అని ఏదో ఉండాలి. మొత్తం ఎవరికైనా వచ్చా? ఈ తిత్తికి నప్పుతుందా?

విడిఅరసున్న: "మారుతేనాధికో దంతో జాయతే తీవ్రవేదనః" అని ఎత్తుగడ. వాతం వల్ల అదనపు పన్ను తీవ్రమైన నొప్పితో పుడుతుందని. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుతంలో ఈ రోగం పేరు 'వర్ధనః' అనే ఉంది. మీకు గుర్తున్నది మాధవనిదానం అనే మరో వైద్యగ్రంథంలోని పాఠం. కాకపోతే ఖలి కాదండీ, ఖల్లి.

పాతకాగితం: నేను చూసిన ప్రతిలో ఒక్క లకారమే ఉందండీ.

విడిఅరసున్న: అచ్చుతప్పు అయ్యుంటుంది. ఖల్లి అంటే కాళ్లూ చేతులూ మెలిపెట్టే వాతరోగం. శ్లోకం 'మారుతేన' అనే మొదలైందిగా! ఖలి అంటే తెలకపిండి. పంటికీ తెలకపిండికీ ఏం చుట్టరికం?

గణవిభజన: అంత తేలిగ్గా తేల్చేయకండి మాస్టారూ. "ఖలివర్ధనసంజ్ఞోఽసౌ" అనుష్టుప్పు. మొదటి అక్షరం లఘువైనా గురువైనా చెల్లుతుంది. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. అదే పోతన దగ్గరైతే వేరు. "ఇంతింతై వటుడింతయై" అన్నచోట సగంమంది 'వటుడింతై' అని చదివేస్తారు. ఆ 'య' పోతే శార్దూలంలో జగణం కూలిపోతుంది.

పళ్లడాక్టరు: తిత్తి సంగతి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను చెప్తాను. ఇది పంటి మెడ దగ్గర అంటుకుని కిరీటాన్ని, అంటే పంటి పైభాగాన్ని మాత్రమే చుట్టుకుంటుంది. వేళ్లు బయటే ఉంటాయి. కిరీటానికీ దాన్ని కప్పిన పొరకీ మధ్య ద్రవం చేరి ఉబ్బుతుంది. ఎక్కువగా కింది జ్ఞానదంతాల దగ్గర, ఆ తర్వాత పై కోరపళ్ల దగ్గర. మామూలుగా ఎక్స్‌రేలో కిరీటం చుట్టూ సన్నటి నల్లని అంచు కనిపిస్తుంది. అది 3-4 మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తాం. చీము పట్టేదాకా చాలామందికి నొప్పే ఉండదు. అంటే శ్లోకం చెప్పిన 'రుక్' (నొప్పి) ఇక్కడ లేదు, 'జాతే' (పుట్టాక) అన్నది అంతకన్నా లేదు. పన్ను పుడితే కదా!

విడిఅరసున్న: మరి చిన్నపిల్లల చిగురు మీద నీలంగా ఉబ్బి, పన్ను పొడుచుకు రాగానే తనే చితికిపోయేది?

పళ్లడాక్టరు: అది ఎరప్షన్ సిస్ట్. ఎముకలో కాదు, చిగుట్లో. దానికైతే 'జాతే ప్రశామ్యతి' అతికినట్టు సరిపోతుంది. తీవ్రవేదన ఒక్కటే నప్పదు.

గణవిభజన: నొప్పి లేకుండా లోపల్లోపల పెరిగేదానికి ఖల్లీ ఎందుకు, ఖలీ ఎందుకు? వామనుణ్ణే పెట్టుకోండి. ఎముకను తోసుకుంటూ ఇంతింతై! "నభోవీథిపై" దగ్గర ఆ శార్దూలం ఊపు చూడండి, ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

విడిఅరసున్న: వామనుడు పెరిగి లోకం నిండాడు. దీన్ని అంతదాకా రానిస్తే దవడ విరుగుతుంది. పోతన ఒప్పుకోడు.

పళ్లడాక్టరు: అంతదాకా రానివ్వం లెండి. పెద్దవాళ్లకు పన్నుతో సహా తిత్తి మొత్తం తీసి బయాప్సీకి (సూక్ష్మదర్శిని పరీక్షకు) పంపుతాం. ఎక్స్‌రేలో కెరటోసిస్ట్ అనే మరోరకం దవడ తిత్తీ, అమెలోబ్లాస్టోమా అనే దవడ కణితీ కూడా ఇలాగే కనిపించొచ్చు. పిల్లల్లో అయితే తిత్తికి కిటికీ తెరిచి ద్రవం పోయేలా చేస్తే, ఒక్కోసారి పన్ను తనంతట తనే దిగివస్తుంది.

పాతకాగితం: అయితే కిటికీ తెరిచాక 'జాతే' వర్తిస్తుందన్నమాట! ఆ పేరాకే శ్లోకం పెడతాను.

విడిఅరసున్న: పెట్టండి, రెండు లకారాలతో.

గణవిభజన: ఒకటే చాలు. తాళపత్రం చూపించండి, అప్పుడు మాట్లాడదాం.