మిద్దె మీద తేనెపిట్టలు, కరివేపాకు మీద పురుగులు: ఉన్న లెన్సుతో స్పష్టంగా తీయడం ఎలా?

మిద్దెతోట:
నమస్కారమండీ. రాజమండ్రిలో రెండో అంతస్తు మిద్దె మీద కుండీల తోట ఉంది. నూరువరహాలకీ మందారానికీ తేనెపిట్టలు వస్తాయి. పిట్టగోడ మీద పిగిలిపిట్టలు వాలతాయి. కరివేపాకు మొక్క మీద గొంగళి పురుగులున్నాయి. కెమెరా కెనన్ 200డి, లెన్సులు 18-55, 55-250 ఎస్‌టీఎం. పిట్ట ఎప్పుడు తీసినా మసగ్గా, ఫ్రేములో చిన్నగా వస్తోంది. పురుగుల దగ్గరికి వెళ్తే అసలు ఫోకసే అవడం లేదు. మాక్రో లెన్సు కొనే వీలు ఇప్పుడు లేదు. ఉన్నవాటితో ఏం చేయొచ్చో చెప్పండి.

లకుముకి:
ముందు ఆ మసక ఎందుకొస్తోందో తేల్చుకోండి. ఫోటోని కంప్యూటర్లో నూరు శాతానికి పెంచి, పిట్ట కాళ్ళ దగ్గర కొమ్మ ఎలా ఉందో చూడండి. కొమ్మ బెరడు గీతలు కూడా స్పష్టంగా ఉండి పిట్ట మాత్రమే చెదిరితే, అది కదిలింది, షట్టర్ వేగం చాలలేదు. కొమ్మ, ఆకులు, పిట్ట అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. ముందున్న ఆకో వెనకున్న పువ్వో స్పష్టంగా ఉండి పిట్ట మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది. ఈ మూడూ కాకుండా ఫోటో అంతా పొగ పట్టినట్టుంటే, మండుటెండలో కాగిన మిద్దె గచ్చు నుంచి లేచే వేడిగాలి కారణం. దానికి ఏ సెట్టింగూ లేదు, వేళ మార్చుకోవడమే. లెన్సు ముందు చవకరకం యూవీ ఫిల్టర్ ఉంటే తీసేసి ఒకసారి చూడండి.

సెట్టింగులు: డయల్‌ని, షట్టర్ వేగం మనమే ఎంచుకునే టీవీ మోడ్‌లో పెట్టి షట్టర్ 1/1000 ఇవ్వండి. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందించే స్థాయి) ఆటో, గరిష్ఠం 3200. ఫోకస్ కదిలేదాన్ని వెంటాడే ఏఐ సర్వోలో, తొమ్మిది పాయింట్లలో నడిమిదొక్కటే ఎంచుకోండి. అన్ని పాయింట్లూ వదిలేస్తే కెమెరా తనకి దగ్గరగా ఉన్న ఆకుని పట్టుకుంటుంది. మందారం కొమ్మల్లో తీసేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఇదే. లెన్సు మీదున్న స్టెబిలైజర్ మీ చేతి వణుకునే ఆపుతుంది, పిట్ట మెడ తిప్పడాన్ని ఆపలేదు. అది ఉంది కదా అని షట్టర్ 1/125కి దించకండి.

వెలుతురు లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. పూర్తి ఎండలో అపర్చర్ (లెన్సు లోపలి కన్నం) ఎఫ్/5.6, 1/1000కి ఐఎస్ఓ 100–200 చాలు. పందిరి నీడలోకి వెళ్తే అదే షట్టర్‌కి 1600 దాకా కావాలి. ఫోటోలో ఇసుక చల్లినట్టు గింజలు కాస్త కనిపించినా పర్వాలేదు. గింజల్ని తరవాత తగ్గించుకోవచ్చు, చెదిరిన కన్నుని బాగుచేయలేం.

తూనీగ:
పిట్ట చిన్నగా రావడం గురించి నేను చెప్తాను, ఎందుకంటే అది లెన్సు లోపం కాదు, దూరం లోపం. మీ కెమెరా సెన్సార్ వెడల్పు 22.3 మి.మీ. జూమ్ 250 దగ్గర, మూడు మీటర్ల దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు దాదాపు 27 సెంటీమీటర్లు. తేనెపిట్ట పొడవు పది సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఫ్రేములో మూడో వంతు పైగా నిండుతుంది. అదే ఐదు మీటర్లకి వెళ్తే ఫ్రేము 45 సెంటీమీటర్లవుతుంది, పిట్ట నాలుగో వంతు కూడా రాదు. పెద్ద లెన్సు కొనేకన్నా ఆ రెండు మీటర్లు తగ్గించుకోవడం తేలిక. అలాగని పిట్ట వెంట మీరు నడిస్తే అది ఎగిరిపోతుంది. మీరు కూర్చున్న చోటికి అదే రావాలి.

దానికి నీళ్ళు పెట్టండి. గింజలకంటే నీళ్ళకే ఎక్కువ రకాల పిట్టలు వస్తాయి, ఎండాకాలంలో మరీను. వెడల్పాటి మట్టి మూకుడు తీసుకుని, ఒక పక్క గులకరాళ్ళు పేర్చి వాలు చేయండి. నీటి లోతు రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు మించకూడదు, లోతైన గిన్నెలో చిన్న పిట్టలు దిగవు. పైన ఒక ప్లాస్టిక్ సీసా వేలాడదీసి, అడుగున సూదితో చిల్లు పెట్టి, సెకనుకో రెండు సెకన్లకో ఒక్కో బొట్టు పడేలా మూత బిగింపు సర్దండి. బొట్టు పడిన చప్పుడుకే పిట్టలు నీళ్ళ జాడ పడతాయి. రోజూ నీళ్ళు పారబోసి మూకుడు గోడల్ని పీచుతో గట్టిగా రుద్దండి. దోమ గుడ్లు అంచుకి అంటుకుని ఉంటాయి, నీళ్ళు మార్చినంత మాత్రాన పోవు. పిల్లులు తిరిగే చోటైతే మూకుడుని గుబురు కుండీలకి రెండు మీటర్లు ఎడంగా, స్టూలు మీద పెట్టండి.

ఇప్పుడు అసలు కిటుకు. పిట్ట నేరుగా నీళ్ళలో దిగదు, ముందు పక్కన ఎక్కడో వాలి నాలుగు దిక్కులూ చూసుకుంటుంది. ఆ వాలే చోటుని మీరే ఇవ్వాలి. వేలు మందం ఉన్న ఎండుకొమ్మ ఒకటి, వంకర తిరిగి బెరడు బాగున్నది, ఇసుక పోసిన డబ్బాలో గుచ్చి మూకుడుకి అర మీటరు దూరంలో నిలబెట్టండి. తక్కిన వాలే చోట్లు, అంటే బట్టల తీగ, చీపురు కర్ర లాంటివి, అక్కణ్ణించి తీసేయండి. కొమ్మకి వెనక కనీసం మూడు మీటర్ల దాకా ఏమీ ఉండకూడదు, ఆపైన కుండీల పచ్చదనం ఉండాలి. ఎఫ్/5.6 దగ్గర ఆ పచ్చదనం కరిగి ఒకే రంగు అవుతుంది. నీళ్ళ ట్యాంకూ పక్కింటి సున్నం గోడా వెనక పడితే పిట్ట ఎంత స్పష్టంగా ఉన్నా ఫోటో తేలిపోతుంది. కెమెరా ఎత్తు కొమ్మ ఎత్తుకి సమానంగా ఉండాలి.

మీరు మెట్లగది తలుపు లోపల కూర్చోండి. తలుపుకి పాత దుప్పటి వేలాడదీసి, లెన్సు పట్టేంత కోత పెట్టండి. పిట్టలకి మనిషి ఆకారం, ముఖ్యంగా ముఖమూ చేతుల కదలికా కనబడకూడదు. మొదటి మూడు నాలుగు రోజులు కెమెరా లేకుండా దుప్పటి మాత్రం కట్టి వదిలేయండి, అలవాటు పడతాయి.

పిగిలిపిట్ట:
తూనీగ గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. మూడు మీటర్ల దూరంలో 250 దగ్గర, ఎఫ్/5.6కి స్పష్టంగా ఉండే లోతు మూడు సెంటీమీటర్లే. పిట్ట పక్కకి తిరిగి కూర్చుంటే ముక్కు నుంచి తోక దాకా వస్తుంది. మీ వైపు తిరిగితే ముక్కు వస్తుంది, తోక రాదు. కాబట్టి పిట్టలు కొమ్మ ఏ వంకరలో ఎటు తిరిగి కూర్చుంటున్నాయో రెండు రోజులు గమనించి దాన్నిబట్టి కొమ్మని తిప్పండి.

కిటికీలోంచి తీసేవాళ్ళకి: గ్రిల్‌కి లెన్సుని ఆనించినంత దగ్గరగా పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిస్తే చువ్వలు మాయమవుతాయి. దోమల వల అలా మాయమవదు, ఫోటో మొత్తాన్నీ పాలిపోయినట్టు చేస్తుంది. వల తెరవాల్సిందే. అద్దమైతే గదిలో దీపాలార్పి, లెన్సు హుడ్ అద్దానికి ఆనించి తీయండి.

మిద్దెతోట:
చాలా ఉపయోగం అండీ. మరి పురుగుల సంగతి? ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే బోలు గొట్టాలు) కొంటే సరిపోతుందా? గొంగళి కంటినో చీమ ముఖాన్నో తీయాలని ఆశ.

తూనీగ:
ట్యూబు ఎంత పెంచుతుందో లెక్క ఇది: ట్యూబు పొడవుని లెన్సు జూమ్ సంఖ్య, అంటే ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 31 మి.మీ. ట్యూబు 250 మీద 0.12 రెట్లే కలుపుతుంది, దండగ. అదే 18-55ని 55 దగ్గర పెడితే 0.56 రెట్లు వస్తుంది. కానీ అప్పుడు లెన్సు పురుగు మీదికి వచ్చేస్తుంది, నీడ పడుతుంది, పురుగు పారిపోతుంది. కొంటే కరెంటు పిన్నులున్న ట్యూబులే కొనాలి, లేకపోతే కెమెరాతో అపర్చర్ మార్చలేరు.

మీ లెన్సుకి ట్యూబుకంటే, ముందువైపు తగిలించే క్లోజప్ లెన్సు మేలు. రేనాక్స్ డీసీఆర్-250 అనేది 8 డయాప్టర్ల (డయాప్టర్ అంటే లెన్సు శక్తికి కొలత) లెన్సు, 52 నుంచి 67 మి.మీ. ఫిల్టర్ మరలకి క్లిప్పులా పడుతుంది. మీ 55-250కి మర 58, సరిపోతుంది. దీని ఫోకల్ లెంగ్త్ 125 మి.మీ. కాబట్టి లెక్క సులువు: జూమ్ 125 దగ్గర ఉంటే ఒక రెట్టు, అంటే 22 మి.మీ. వెడల్పు ఫ్రేము నిండుతుంది. 250 దగ్గర రెండు రెట్లు, 11 మి.మీ. నిండుతుంది. చీమ ముఖానికి రెండు రెట్లు, గొంగళికి ఒక రెట్టు. జూమ్ బాగా వెనక్కి తీస్తే మూలలు నల్లబడతాయి. డీసీఆర్-150 కాస్త సౌమ్యం, 250 దగ్గర 1.2 రెట్లు, పురుగుకీ లెన్సుకీ దూరం ఎక్కువ ఉంటుంది. సీతాకోకచిలుకలకి అదే హాయి.

వాడే పద్ధతి: ఆటోఫోకస్ ఆపేసి, ఫోకస్‌ని అనంతం దగ్గర, అంటే అన్నిటికన్నా దూరానికి, పెట్టి, రేనాక్స్ ముందు దాదాపు 12 సెంటీమీటర్లలో పురుగు ఉండేలా వెళ్ళి, శరీరాన్నే ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపుతూ, కన్ను స్పష్టపడిన క్షణంలో నొక్కాలి. ఎఫ్/11 దగ్గర ఒక రెట్టుకి స్పష్టమైన లోతు అర మిల్లీమీటరు కూడా లేదు. రెండు రెట్లకి 0.1 మి.మీ., వెంట్రుక మందం. అందుకని ఒక్కటి కాదు, వరసగా ఆరేడు నొక్కాలి. పురుగున్న కాడని ఎడమచేతి రెండు వేళ్ళతో పట్టుకుని, అదే చేతి మీద లెన్సు ముందుభాగం ఆనించండి. గాలికి కాడ ఊగితే కెమెరా కూడా దానితోపాటే ఊగుతుంది, దూరం మారదు. మాక్రో తీసేవాళ్ళు ట్రైపాడ్‌కన్నా నమ్మేది దీన్నే.

ఫ్లాష్ వాడాలి. నీడలో ఎఫ్/11కి షట్టర్ వేగం చాలదు. కెమెరాలోది వాడితే పొడుగు లెన్సు నీడ పురుగు మీదే పడుతుంది, బయటి ఫ్లాష్ కావాలి. షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ మాన్యువల్‌లో పవర్ 1/8 నుంచి మొదలుపెట్టండి. తక్కువ పవర్లో ఫ్లాష్ వెలిగి ఆరేది లిప్తపాటులో, కదలికని ఆపేది అదే. ట్రేసింగ్ పేపరు రెండు పొరలు, వంపు తిరిగిన అట్టచట్రానికి అతికించి, ఫ్లాష్ ముందు కాస్త ఎడంగా, పురుగుకి వీలైనంత దగ్గరగా ఉండేలా కట్టండి. సరిగ్గా కుదిరిందో లేదో అక్షింతల పురుగు చెబుతుంది. దాని నున్నటి వీపు మీద తెల్లటి చుక్క ఒకటి మండుతున్నట్టుంటే వెలుగు ఇంకా గట్టిగా ఉంది. మెత్తగా పరుచుకున్న తెల్లని మచ్చ ఉంటే కుదిరింది.

లకుముకి:
కరివేపాకు మీద గొంగళి పురుగు గురించి: అవి ఎక్కువగా కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుక పిల్లలై ఉంటాయి. నిమ్మ మీదైతే లైమ్ బటర్‌ఫ్లై కూడా. మొదట్లో పిట్ట రెట్టలా నల్లగా, తెల్లమచ్చలతో ఉంటాయి, వాటిని పురుగనుకోక చాలామంది దులిపేస్తారు. చివరి దశలో ఆకుపచ్చగా మారతాయి. తాకితే తల వెనకనుంచి రెండు కొమ్ముల్లాంటి అవయవం పైకొచ్చి ఘాటైన వాసన కొడుతుంది. ఫోటో కోసం పదేపదే అలా రెచ్చగొట్టకండి, పురుగు అలసిపోతుంది.

గూడు కట్టుకున్నాక రోజూ ఉదయమూ సాయంత్రమూ చూడండి. లోపలి రెక్కల రంగు బయటికి కనిపించి గూడు నల్లబడితే మర్నాడు పొద్దున్న సీతాకోకచిలుక వస్తుంది. బయటపడటం నిమిషాల్లో అయిపోతుంది, కాబట్టి ట్రైపాడ్, ఫోకస్ ముందు రాత్రే సర్దుకోవాలి. ఆ తర్వాత రెక్కలు ఆరేదాకా గంటకు పైగా ఎగరదు, నింపాదిగా తీసుకోవచ్చు. ఆ మొక్క మీద వేపనూనె కూడా కొట్టకండి.

మిద్దెతోట:
ఈలోగా మరొకటి. కుండీలో వంగ ఆకుల్ని కుట్టి దర్జీ పిట్ట గూడు పెట్టింది. ఒక ఆకు కాస్త పక్కకి వంచితే పిల్లలు కనిపిస్తాయి. తీయొచ్చా?

పిగిలిపిట్ట:
వద్దండీ. ఆ ఆకే ఆ పిల్లలకి నీడ. పక్కకి వంచితే మన ఎండకి లోపల వేడి చేరుతుంది. అదీకాక మీరు తిరిగే చోటు కాకి గమనిస్తూ ఉంటుంది, మీరు దిగగానే వచ్చి చూస్తుంది. ఈక రాకముందు పిల్లలు బెదిరి దూకేస్తే మళ్ళీ గూట్లో నిలవవు. గుడ్లనీ గూళ్ళనీ కదిలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట నిర్వచనం కిందికే వస్తుంది. ఆ కుండీని జరపకండి, నీళ్ళు మాత్రం మొక్క మొదలు దగ్గర పోయండి. పిల్లలు ఎగిరిపోయాక తల్లీతండ్రీ వాటిని బయట కొమ్మ మీద మేపుతాయి, ఆ ఫోటోలే నిజంగా బాగుంటాయి.

పిట్టల్ని రప్పించడానికి ఫోన్లో కూత వినిపించడం, పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి మందకొడిగా చేయడం కూడా ఇదే కోవ. చల్లబడిన పురుగు కాళ్ళు ముడుచుకుని, తెలిసినవారికి ఫోటోలో చూడగానే పట్టుబడుతుంది.

మిద్దెతోట:
గూడు జోలికి వెళ్ళను. తూనీగ గారు చెప్పినట్టు కొమ్మ పెట్టాను, వారంలో తేనెపిట్ట వచ్చింది. ఈసారి కన్ను స్పష్టంగానే ఉంది. కానీ మగపిట్ట ఊదానీలంగా మెరవాల్సింది, నల్లటి ముద్దలా వచ్చింది. వెనక ఆకాశం తెల్లగా ఉంది.

తూనీగ:
రెండు కారణాలు. ఒకటి, తెల్లటి ఆకాశాన్ని చూసి కెమెరా ఫోటోని ముదురు చేసింది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగు) +1, చాలకపోతే +1.3 పెట్టండి. తెల్ల కొంగకైతే తలకిందులు, −0.7 నుంచి −1, లేకపోతే ఈకల గీతలు మాసిపోతాయి.

రెండోది ముఖ్యం. ఆ ఊదారంగు ఈకలో పూసిన రంగు కాదు, వెలుగు పడే కోణాన్నిబట్టి పుట్టే మెరుపు. ఎండ మీ వీపు వైపునుంచి పిట్ట మీద పడితేనే మెరుస్తుంది. పక్కనుంచి పడితే సగమే మెరుస్తుంది, ఎదురుగా పడితే నలుపే. మీ మెట్లగది తలుపు పడమటికి తెరుచుకుంటుంటే పొద్దున్న 7 నుంచి 9 మధ్య ఎండ మీ వెనకనుంచి వస్తుంది, కొమ్మ సరిగ్గానే ఉన్నట్టు. తూర్పుకి తెరుచుకుంటుంటే కొమ్మనీ మూకుడునీ అలాగే ఉంచి సాయంత్రం 4 తర్వాత కూర్చోండి. పొద్దున్నే తీయాలనుకుంటే దుప్పటి కట్టే చోటు మార్చండి, కొమ్మని కదపకండి, పిట్టకి ఆ చోటు ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.