వన్యప్రాణుల బిల్లు మీద మా ఎంపీ ఓటు ఎటు వేశారు?

లంకమల_కుర్రాడు:
2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించారు. ఆగస్టు 2న లోక్‌సభ, డిసెంబరు 8న రాజ్యసభ ఆమోదించాయి. రెండుచోట్లా మూజువాణి ఓటే, సభ్యులు నోటితో అవును, కాదు అనడమే. అంటే ఎవరు ఎటు ఉన్నారో పేర్లు ఎక్కడా ఉండవు. ఇక అంతరించిపోయిందనుకున్న కలివికోడి మా కడప జిల్లాలో 1986లో మళ్లీ కనిపించింది. అలాంటి పక్షిని కాపాడాల్సిన చట్టం మీద మా ఎంపీ ఏ వైపు నిలబడ్డారో తెలియకుండా ఎన్నికల్లో ఏం చూసి ఓటెయ్యాలి? డివిజన్ అడిగే హక్కు సభ్యులకు ఉంది. అప్పుడు ఎవరి ఓటు వాళ్ల పేరు మీద నమోదవుతుంది. ఇలాంటి బిల్లులకు డివిజన్ అడిగి తీరాలి.

సీమ_వకీలు:
అడిగినా ఏం తెలుస్తుందండీ? 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది. ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం, అదే విప్‌కు ఎదురు ఓటేస్తే సభ్యత్వానికే ముప్పు. ఆ రికార్డులో మీకు కనిపించేది పార్టీ మాటే, మనిషి మాట కాదు. విప్ లేని చోట చూడండి. ఇదే బిల్లును జైరాం రమేశ్ అధ్యక్షతన స్థాయీ సంఘం, అంటే బిల్లులను లోతుగా చూసే ఎంపీల కమిటీ, పరిశీలించింది. పెంపుడు ఏనుగులను మతపరమైన, ‘ఇతర’ అవసరాలకు తరలించే వెసులుబాటు లాంటివి తేల్చుకోవాల్సింది అక్కడే.

డాలస్_రవి:
ఇక్కడ అమెరికాలో పేర్లతో సహా దొరుకుతుంది. అంతరించే జీవుల చట్టానికి 1973లో ప్రతినిధుల సభలో 355 మంది అవునన్నారు, కాదన్నది నలుగురే. అదే చట్టాన్ని మార్చేయాలని ఆ సభ సభ్యుడు రిచర్డ్ పాంబో తెచ్చిన బిల్లు 2005లో 229–193తో ఆ సభ దాటింది, సెనేట్‌లో ఆగిపోయింది. మరుసటి ఏడాది పర్యావరణ సంఘాలు ఆ రికార్డు పట్టుకుని ఆయన నియోజకవర్గంలో ప్రచారం చేశాయి. పాంబో ఓడిపోయాడు. అదొక్కటే కారణం కాదు గానీ, జనం చేతిలో పట్టుకోవడానికి ఒక కాగితమైతే ఉంది.

రోళ్లపాడు_రైతు:
బట్టమేక పిట్ట కోసం మా దగ్గర 1988లో అభయారణ్యం పెట్టారు. కృష్ణజింకలు పెరిగి చేలమీద పడ్డాయి. పిట్ట మాత్రం దాదాపు కనుమరుగైంది. ఢిల్లీలో ఓటు సంగతి సరే అన్నా, పంట నష్టం గురించి సభలో అడిగిన ఎంపీ ఎవరో ముందు చెప్పండి. రైతుకు కడుపు మండితే ఏ చట్టమూ ఆ పిట్టను బతికించలేదు.

లంకమల_కుర్రాడు:
రైతన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. నష్టపరిహారం గురించి ఎంపీ నోరు విప్పాడా లేదా అన్నదీ రికార్డులో భాగమే. వకీలు గారూ, విప్ ఉంటే ఉండనివ్వండి. పార్టీ మాటైనా పేరు మీదకు ఎక్కాలి కదా! 2023 జూలై 26న అటవీ సంరక్షణ సవరణ బిల్లు కూడా లోక్‌సభలో నినాదాల మధ్య మూజువాణితోనే గట్టెక్కింది. సరిహద్దు నుంచి వంద కిలోమీటర్ల లోపు వ్యూహాత్మక ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చిన బిల్లు అది. దానికి ఈ రోజు ఏ పార్టీని పేరుపెట్టి నిలదీస్తాం? నేను మా ఎంపీకి ఉత్తరం రాస్తున్నా, ఇకమీదట ఇలాంటి బిల్లులకు డివిజన్ అడుగుతారా అని.

సీమ_వకీలు:
రాయండి. అందులోనే ఇంకోటి చేర్చండి. ఆయన ఏ స్థాయీ సంఘంలో ఉన్నారు, ఎన్ని సమావేశాలకు వెళ్లారు, ఎక్కడైనా అసమ్మతి నోట్ ఇచ్చారా? ఈ మూడింటికీ విప్ అడ్డం రాదు.