నేలకొండపల్లి వెళ్లివచ్చిన వారి సలహా కావాలి
హైదరాబాద్‌లో ఉంటున్న నేను, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారిని వచ్చే ఆదివారం కారులో ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి తీసుకువెళ్లాలనుకుంటున్నాను. భక్త రామదాసుగా మనకు తెలిసిన కంచర్ల గోపన్న పుట్టిన ఆ ఊళ్లో ధ్యాన మందిరం చూడాలన్నది ఆవిడ కోరిక. అక్కడి ఇటుకల బౌద్ధ మహాస్తూపం చుట్టూ ఒక్కసారైనా తిరిగి రావాలన్నది నాది. కోదాడ దగ్గర హైవే దిగి వెళ్లడం మేలా, ఖమ్మం మీదుగా రావడం మేలా? స్తూపం దాకా కారు వెళుతుందా, లేక ఆవిడ కోసం డిక్కీలో మడత కుర్చీ పెట్టుకోవాలా? మధ్యాహ్నం మందిరం తలుపులు మూసేస్తారా? పాండవులు అజ్ఞాతవాసం చేసిన విరాటరాజు కొలువు ఇక్కడే ఉండేదని స్థానికులు చెప్పుకునే దిబ్బను చూపించి, ఆ కథలు ఓపిగ్గా వినిపించగల పెద్దలు ఊళ్లో ఎక్కడ కలుస్తారో కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.