ద్రవానికి ఘనపరిమాణమా? సాంద్రత లెక్కలో మాటల చిక్కు

ప్రశ్న: అందరికీ నమస్కారం. కెమిస్ట్రీ మొదలుపెట్టిన మా అమ్మాయి అడిగిన సందేహం ఇది. "నీళ్లు ద్రవం కదా, వాటికి ఘనపరిమాణం ఏమిటి? ఇనుప ముక్క ఘనం కదా, దానికి ద్రవ్యరాశి ఏమిటి?" సాంద్రత అంటే ద్రవ్యరాశి బై ఘనపరిమాణం అని సూత్రం గడగడా చెప్పేస్తుంది. లెక్క ఇస్తే మాత్రం గుణించాలో భాగించాలో తేల్చుకోలేదు. ఈ మాటలు కాస్త విడమరిచి చెప్తారా?

జవాబు: అమ్మాయి అడిగినదాంట్లో చాలా న్యాయం ఉందండీ. ‘ఘన’తో మొదలయ్యే మాట ఘనపదార్థాల సొత్తులా, ‘ద్రవ’తో మొదలయ్యే మాట ద్రవాల సొత్తులా వినిపిస్తాయి. రెండూ కావు.

ఘనపరిమాణంలోని ఘనం లెక్కల్లోని ఘనం. 2 ఘనం 8 అంటాం, ఘనమూలం అంటాం, ఘన సెంటీమీటరు అంటాం, అదే ఇది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిసి ఎంత చోటు అయిందో చెప్పే మాట. చోటు పట్టేది ఇనుమైనా నీళ్లయినా గాలైనా దానికి ఘనపరిమాణం ఉంటుంది. ఇక ద్రవ్యరాశిలో ఉన్నది ద్రవం కాదు, ద్రవ్యం. అంటే పదార్థం. (ద్రవ్యోల్బణంలో ఉన్నదీ ఈ మాటే, కాకపోతే అక్కడ డబ్బు అని అర్థం.) రాశి అంటే పోగు. ఎంత పదార్థం పోగుపడి ఉందో అదే ద్రవ్యరాశి.

సాంద్రం అంటే దట్టమైనది. జనసాంద్రత అని వింటూనే ఉంటాం కదా, చదరపు కిలోమీటరుకు ఇంతమంది అని. ఇక్కడ జనం బదులు గ్రాములు, చదరపు కిలోమీటరు బదులు మిల్లీలీటరు. ‘ఇంతకు ఇంత’ అనే పద్ధతి మాత్రం ఒకటే.

నన్నడిగితే లెక్కంతా ఆ ‘కు’ విభక్తిలోనే ఉంది. "పాదరసం సాంద్రత 13.6" అని చదివి ఊరుకోనివ్వకండి. "పాదరసం ఒక్కో మిల్లీలీటరుకు 13.6 గ్రాములు తూగుతుంది" అని పూర్తి వాక్యంగా చదివించండి. అప్పుడు 50 మిల్లీలీటర్లు ఎంత తూగుతుందని అడిగితే సూత్రం జోలికి పోకుండానే 680 గ్రాములు అని చెప్తుంది. గుణించమని ఎవరూ చెప్పక్కర్లేదు, ‘ఒక్కో’ అనే మాటే చెప్తుంది.

తిరగేసిన లెక్క దగ్గరే పిల్లలు తడబడతారు, కాబట్టి అక్కడ కాసేపు ఆగండి. 100 గ్రాముల ఇథనాల్ కావాలి, కొలజాడీతో కొలిచి తీయాలి. దాని సాంద్రత 20 డిగ్రీల దగ్గర 0.789. వాక్యంగా చదివితే ఒక్కో మిల్లీలీటరుకు గ్రాము కూడా రావడం లేదు. అంటే 100 మిల్లీలీటర్లు పోస్తే చాలదు, ఇంకా పోయాలి. ఇంతవరకు నోటితో అనిపించాకే భాగించమనండి: 100ని 0.789తో భాగిస్తే సుమారు 126.7 మిల్లీలీటర్లు. పొరపాటున గుణిస్తే 78.9 వస్తుంది. ఇంకా పోయాలని ముందే అనుకుంది కాబట్టి అది తప్పని తనకే తెలిసిపోతుంది. సూత్రంలోని మూడు మాటలనూ త్రిభుజం గడుల్లో రాసి, కావలసినదాని గడి వేలితో మూసే చిట్కా ఉందే, అది నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. జవాబు వస్తుంది, కానీ వచ్చింది నమ్మదగిందో కాదో తెలియదు.

మరో ప్రశ్న: చాలా బాగా చెప్పారండీ. నాదొక అనుబంధ సందేహం. ఆముదం నీళ్లకన్నా ఎంతో చిక్కగా ఉంటుంది, అయినా నీళ్ల మీద తేలుతుంది. చిక్కదనం, సాంద్రత, గాఢత మూడూ ఒకటి కావా?

జవాబు: కావండీ. మామూలు మాటల్లో మూడింటికీ ‘చిక్కన’ అనేస్తాం, అందుకే ఈ గందరగోళం. ఆముదం పారడానికి మొరాయిస్తుంది, ఆ గుణం పేరు స్నిగ్ధత. సాంద్రతకు వస్తే ఒక్కో మిల్లీలీటరుకు నీళ్లు 1 గ్రాము, ఆముదం దాదాపు 0.96 గ్రాములే, అందుకే నీళ్ల పైన తేలుతుంది. పాదరసం దీనికి సరిగ్గా ఎదురు: ఎంత బరువో అంత చురుగ్గా జారిపోతుంది.

గాఢత అంటే ద్రావణంలో అసలు పదార్థం ఎంత ఉందన్నది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా మీద 98 శాతం, 1.84 అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది గాఢత, రెండోది సాంద్రత. శాతం ద్రవ్యరాశి మీద చెప్పినది, మనం పిపెట్‌తో (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టంతో) తీసేది మిల్లీలీటర్లలో. రెండూ కలవాలంటే 1.84 లేనిదే కుదరదు. లీటరు ద్రావణం 1840 గ్రాములు, అందులో 98 శాతం అంటే సుమారు 1803 గ్రాములు అసలు ఆమ్లం. ఒక మోల్‌కు (కెమిస్ట్రీలో అణువులను లెక్కపెట్టే కొలమానం అది) 98 గ్రాముల చొప్పున చూస్తే లీటరుకు 18.4 మోల్‌లు. ఇక్కడా ఆ ‘కు’ మన వెంటే ఉంది చూడండి.

మొదట అడిగినవారు: ధన్యవాదాలండీ. వాక్యంగా చదివించాను, 680 వెంటనే చెప్పింది! ఇప్పుడు కొత్త ప్రశ్న వేసింది: నీళ్లకు 1 అన్నారు కదా, మంచుకూ అంతేనా?

జవాబు: అంతే కాదండీ. 1 అన్నది నీళ్లకు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర మాట. మంచుకు 0 డిగ్రీల దగ్గర 0.917. 100 గ్రాముల నీళ్లు గడ్డకడితే తూకం ఆ 100 గ్రాములే, చోటు మాత్రం 109 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. ఎందుకు భాగించాలో ఈసారి తననే చెప్పమనండి. సాంద్రత రాసిన ప్రతిచోటా పక్కనే ఉష్ణోగ్రత కూడా రాసుకోమనండి.