ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్): కప్పు కొట్టే జట్టు టాప్ పిక్‌లతో వస్తుందా, కింది రౌండ్లతోనా?

బ్లూలైన్ బాబ్జీ:
ఏటా పట్టిక మధ్యలో, 16వ స్థానం దగ్గర ఊగిసలాడే జట్టుకి కప్పు రాదు. కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ముందు పిక్‌లు (ఎంపిక వంతులు) అడుగున ఉన్నవాళ్లకే వస్తాయి. రెండు మూడేళ్లు అడుగున పడినా సరే, టాప్ 3 పిక్‌లు తెచ్చుకోవాలి. పిట్స్‌బర్గ్‌కి 2003లో ఫ్లూరీ, 2004లో మాల్కిన్, 2005లో క్రాస్బీ వచ్చారు. ఆ పునాది మీదే మూడు కప్పులు. షికాగోకి 2006లో టేవ్స్, 2007లో కేన్, తర్వాత 2010, 2013, 2015 కప్పులు. ఫస్ట్ లైన్ సెంటర్‌ని, అంటే దాడికి కేంద్రమైన ప్రధాన ఆటగాణ్ని, ఎవరూ తేలిగ్గా ట్రేడ్ చెయ్యరు. కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలిగే ఫ్రీ ఏజెంట్ అయ్యేసరికి మంచి వయసు సగం అయిపోతుంది.

గోలీ గోపాలం:
క్రాస్బీని ఆ లెక్కలో వెయ్యకండి. 2004-05 సీజనే జరగలేదు, ముందు పిక్‌లు ఎవరికో తేల్చే 2005 లాటరీలో 30 జట్లూ ఉన్నాయి. ఎడ్మంటన్ మాటేమిటి? 2010 నుంచి 2015 లోపు నాలుగుసార్లు మొదటి పిక్: హాల్, న్యూజెంట్-హాప్కిన్స్, యాకుపోవ్, మెక్‌డేవిడ్. 2024, 2025 ఫైనల్స్ రెండూ ఫ్లోరిడా చేతిలో పోయాయి.

పైగా లాటరీ ఉంది. 2022లో మారిన రూల్ ప్రకారం అట్టడుగు జట్టుకి మొదటి పిక్ వచ్చే అవకాశం 25.5 శాతమే, మూడో పిక్ దాకా జారొచ్చు. పాత రూల్‌లో ఇంకా ఘోరం. 2016-17లో కొలరాడో 48 పాయింట్లతో అడుగున ఉండి కూడా నాలుగో పిక్‌కి పడింది. అక్కడ స్టార్ డిఫెన్స్‌మన్ మకార్ దొరికాడు. అదే ఏడు ఫిలడెల్ఫియా లాటరీలో ఎగబాకి, రెండో పిక్‌లో నోలన్ పాట్రిక్‌ని తీసుకుంది. అదృష్టం వాళ్లది, ఆటగాడు వీళ్లకి.

స్కౌట్ సుబ్బు:
ఇద్దరూ మొదటి రౌండ్ దాటి రావట్లేదు. డ్రాఫ్ట్‌కి ఏడు రౌండ్లున్నాయి. ట్యాంపా బేకి 2008లో స్టామ్‌కోస్ మొదటి పిక్, కాదనను. కానీ 2020లో కప్పు కొట్టినప్పుడు ప్లేఆఫ్స్ మొత్తంలో ఆయన ఆడింది 2 నిమిషాల 47 సెకన్లు. మోసినవాళ్లు కుచెరోవ్ (2011, 58వ పిక్), పలాట్ (అదే ఏడు, 208), పాయింట్ (2014, 79), సిరెల్లి (2015, 72). పాయింట్ పొట్టివాడని మిగతావాళ్లు వదిలేస్తే, ట్యాంపా 80వ పిక్‌కి ఒక ఏడో రౌండ్ పిక్ కలిపి మిన్నెసోటాకిచ్చి, ఒక్క మెట్టు పైకెక్కి తీసుకుంది.

రెండో రౌండ్ నుంచి చూడాల్సినవి వేరు. "సేఫ్" ఫోర్త్ లైనర్‌కి (నాలుగో లైన్‌లో కొద్దిసేపే ఆడేవాడికి) పిక్ తగలెయ్యకూడదు, అలాంటివాడు జులైలో ఫ్రీ ఏజెంట్‌గా కనీస జీతానికి దొరుకుతాడు. స్కేటింగ్ కొంత నేర్పొచ్చు, ఆట చదవడం నేర్పలేం. పవర్‌ప్లేలో (పెనాల్టీ వల్ల అవతలి జట్టుకి ఒకడు తక్కువైనప్పుడు) వచ్చిన పాయింట్లు, అంటే గోల్స్, అసిస్ట్‌లు, తీసేసి, రెండువైపులా ఐదుగురు ఆడే 5-ఆన్-5 విడిగా లెక్కెయ్యాలి. స్వీడన్‌లో పెద్దవాళ్ల లీగ్‌లో ఆడే కుర్రాడికి ఐస్ టైమే తక్కువ, కాబట్టి నిమిషాలు చూడకుండా పాయింట్లు చూస్తే మోసపోతాం. పుట్టినరోజు కూడా ముఖ్యమే. కటాఫ్ సెప్టెంబర్ 15, ఆ రోజుకి 18 నిండాలి. మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు, అందుకే 2015 తప్పిపోయి 2016 డ్రాఫ్ట్‌కి వెళ్లాడు. ఒకే డ్రాఫ్ట్‌లో అక్టోబర్ కుర్రాడికీ, మరుసటేడు ఆగస్టు కుర్రాడికీ దాదాపు ఏడాది తేడా. గణాంకాలు సమానమైతే చిన్నవాడికే ఎదిగే చోటు ఎక్కువ.

బ్లూలైన్ బాబ్జీ:
సుబ్బు గారూ, 2020 కాన్ స్మైత్ (ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) ఎవరికొచ్చింది? హెడ్‌మన్‌కి. 2009 డ్రాఫ్ట్‌లో రెండో పిక్! ఇంకోటి: 2011లో ట్యాంపా 27వ పిక్‌లో తీసుకున్నది నమెస్ట్‌నికోవ్‌ని. కుచెరోవ్ ఇంతవాడవుతాడని నిజంగా తెలిస్తే 58 దాకా ఆగేవారా?

స్కౌట్ సుబ్బు:
ఆగేవారు కాదు. ఎవరికీ అంత కచ్చితంగా తెలీదు కాబట్టే పిక్‌లు ఎక్కువ ఉండాలంటున్నా. ఏడుతో సరిపెట్టుకోకుండా తొమ్మిది, పది. ప్లేఆఫ్స్‌కి వెళ్లని ఏడు, కాంట్రాక్టు అయిపోతున్న సీనియర్లని ట్రేడ్ డెడ్‌లైన్‌కి (ఆ సీజన్‌లో ట్రేడ్‌లకి ఆఖరి తేదీ) ముందే అమ్మి రెండు, మూడు రౌండ్ల పిక్‌లు తెచ్చుకోవాలి. తీసుకున్నాక తొందరపడకూడదు. పలాట్, టైలర్ జాన్సన్ ముందు ట్యాంపా కింది లీగ్ జట్టు నార్ఫోక్‌లో కోచ్ కూపర్ కింద ఆడి 2012లో ఆ లీగ్ ట్రోఫీ కాల్డర్ కప్ గెలిచారు. తర్వాత అదే కోచ్ ట్యాంపాకే పైకొచ్చాడు.

క్యాప్ కామేశ్వరి:
కాంట్రాక్టుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 18 ఏళ్లవాడి ఎంట్రీ కాంట్రాక్టు మూడేళ్లు. మొదటి సీజన్‌లో 10 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌ల లోపు ఆడితే కాంట్రాక్టు మొదలవడం ఏడాది వాయిదా పడుతుంది. పదో మ్యాచ్ ఆడించారో, చవగ్గా దొరికే ఏడాది ఒకటి కరిగిపోయినట్టే. అడుగున ఉన్న జట్లు టికెట్లు అమ్ముకోవడానికి ఈ తప్పే చేస్తాయి. తర్వాత బిల్లు ఒకేసారి వస్తుంది. 2019-20లో టొరంటో 81.5 మిలియన్ డాలర్ల క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాల మీద పరిమితి) సుమారు సగం నలుగురు ఫార్వర్డ్‌లకే పోయింది. డిఫెన్స్‌కి, గోలీకి (గోల్‌కీపర్‌కి) మిగిలిందెంత?

అన్నట్టు, డ్రాఫ్ట్ చేసినవాడు మన జెర్సీలోనే ఆడాలని ఎక్కడుంది? ఫ్లోరిడా 2020లో ఏడో రౌండ్‌లో, 212వ పిక్‌గా డెవన్ లీవై అనే గోలీని తీసుకుంది. మరుసటేడు అతన్నీ, ఒక మొదటి రౌండ్ పిక్‌నీ బఫలోకిచ్చి ఫార్వర్డ్ రైన్‌హార్ట్‌ని తెచ్చుకుంది. ఆయన 2023-24లో 57 గోల్స్ కొట్టాడు, ఆ ఏడు ఫైనల్ ఏడో మ్యాచ్‌లో కప్పు తెచ్చిన గోల్ కూడా ఆయనదే. రైన్‌హార్ట్ 2014లో రెండో పిక్, బాబ్జీ గారూ. తీసుకున్నది బఫలో.